మా బావ తేనె పరీక్ష తప్పిన వైనం

ముందే చెప్పేస్తున్నాను. నేను చెప్పేదాంట్లో సగం తీసేసి వినండి. పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ పావలా వంతు తీసేసేది, ఇప్పుడు ముప్పావలా తీసేసి, మిగిలిన పావలాని కూడా పక్కింటావిడని అడిగి ఖాయం చేసుకుంటోంది. గోడ మీద బల్లి కనబడితే ఉడుమంటాను. బీచి రోడ్డులో నాలుగు చినుకులు పడితే పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటాను. ఇదొక జబ్బు. తేనెలో రంగరించి వేసుకునే మందు కూడా దీనికి లేదు.

అయితే ఈ తేనె సంగతిలో మాత్రం నాకొక చిక్కు వచ్చిపడింది. నేనెంత పెంచి చెప్పినా, జరిగినదే ఇంకా పెద్దదిగా కనిపిస్తోంది. నా వృత్తికే అవమానం.

నిజానికి నా వృత్తి వేరే ఉంది. పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో పనిచేస్తాను. ఓడ దిగిన ప్రతి సరుకూ ఏ దేశంలో పుట్టిందో తేల్చందే గేటు దాటదు. బొగ్గుకి పుట్టిన దేశం కావాలి, ఎరువుకి కావాలి, ప్లాస్టిక్ బొమ్మకీ కావాలి. ఇన్నేళ్ళు కాయితాల్లో ఆ 'పుట్టిన దేశం' గడి నింపీ నింపీ నా బుర్ర ఎలా తయారైందంటే, ఎవరైనా పెళ్ళిసంబంధం చెబితే కులం గోత్రం అడగను, ఉత్పత్తి దేశం అడుగుతాను.

అలాంటి నాకు ఒకరోజు పొద్దున్న మా ఆవిడ గోరువెచ్చని నీళ్ళలో నిమ్మకాయ పిండి, తేనె కలిపి ఇచ్చింది. నా పొట్ట బంగాళాఖాతం మీదకి చొచ్చుకుపోతోందని ఆవిడ అభియోగం. గ్లాసు పక్కనపెట్టి సీసా అందుకున్నాను. ముందు లేబుల్ చూడకుండా నేను మంచినీళ్ళు కూడా తాగను. లేబుల్ మీద మంచుకొండ ఉంది. కొండ వెనక సూర్యుడున్నాడు. కొండ కింద ఒక సెలయేరు, సెలయేటి పక్కన నవ్వుతున్న తేనెటీగ. దాని పళ్ళు కూడా కనిపిస్తున్నాయి. వెనక్కి తిప్పితే అక్షరాలు. చీమ కళ్ళజోడు పెట్టుకుంటే తప్ప చదవలేనంత చిన్నవి. సీసాని కిటికీ దగ్గరికీ, అక్కణ్ణించి మేడమీదకీ తీసుకెళ్ళి, ఎండలో పట్టుకుని చదివాను. ఒకటికన్నా ఎక్కువ దేశాల తేనెల మిశ్రమం అని ఉంది. ఏ దేశాలో లేదు. ఎన్నో లేదు.

"ఇదేటిదీ! ఇందులో ఏ దేశం ఎంతుందో రాయలేదు! ఇలాంటి కాయితం పట్టుకెళ్తే మా గేటు దగ్గర సెక్యూరిటీ వాడు కూడా లోపలికి రానివ్వడు!" అని మేడ మీంచే అరిచాను.

"తాగితే తాగండి. లేదంటే పోర్టుకి పట్టుకెళ్ళి క్లియరెన్సు చేయించుకు రండి" అంది మా ఆవిడ కింద నుంచి.

తాగేశాను. అన్ని దేశాలూ కలిసి లోపలికి వెళ్ళాయి. పొట్ట మాత్రం వెనక్కి తగ్గలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా బావ తేనెటీగలు పెట్టాడు. బావంటే మా అక్క మొగుడు. స్టీలు ప్లాంటులో నాణ్యత చూసే విభాగంలో పనిచేసి రిటైరయ్యాడు. కూర్మన్నపాలెం దగ్గర కాలనీలో ఇల్లు. జీవితమంతా సరుకు పరీక్షించి, ఇది సరైనది, ఇది కాదు అని ముద్ర వేసిన మనిషి. తనిఖీకి వెళ్ళిన చోట టీ కూడా ముట్టుకునేవాడు కాదు. మా అక్క పప్పుచారుకి కూడా మినహాయింపు లేదు. ఒక చెంచా నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, ఆలోచించి, "ఉప్పు ఒక రవ్వ తగ్గింది, అయినా పాస్" అనేవాడు. ఆ పాస్ మాట వినడానికి మా అక్క గరిట పట్టుకుని నిలబడే తీరు చూస్తే పదో తరగతి ఫలితాలు గుర్తొచ్చేవి నాకు.

రిటైరయ్యాక కాలనీలో అందరూ ఉదయం నడకా, సాయంత్రం రాజకీయాలూ పెట్టుకుంటే, మా బావ ఆనందపురం అవతల ఒక రైతు జీడిమామిడి తోటలో తేనెటీగల పెట్టెలు పెట్టాడు. చెక్కపెట్టెలు, లోపల చట్రాలు, చట్రాలకి తేనెపట్టు. తలకి వలటోపీ పెట్టుకుని వెళ్తుంటే పెళ్ళికొడుకుని దోమతెరలో చుట్టి పంపినట్టుండేది.

"ఎందుకు బావా ఈ వయసులో ఈగలతో సంసారం?" అని అడిగాను.

"ఒరే బావా, నాను సర్వీసంతా ఆళ్ళ సరుకూ ఈళ్ళ సరుకూ సూసినాను. ఇది పాసు, ఇది ఫెయిలు అన్నాను. నా సేత్తో నాను సేసింది ఒక్కటీ లేదు. ఈ తేనె సూసి కాలనీ వోళ్ళు, 'ఇది నిజవైన సరుకు' అంటే సాలు. నాకింకేటీ వద్దు."

"అనకపోతే?"

"అనకపోతే పెట్టెలు రైతుకిచ్చేసి ఇంట్లో కూకుంతాను. నా సరుకు ఫెయిలయితే నాను ఒప్పుకోవాల గదా."

ఆ మాట అన్నప్పుడు ఆయన మొహంలో నవ్వు లేదు. కాలనీ గుడిలో కార్తీక మాసమంతా అభిషేకాలు జరుగుతాయి, తేనె కావాలి. ఆ తేనె తన పెట్టెల్లోంచి వెళ్ళాలని ఆయన కోరిక. గుడి కమిటీ వాళ్ళు కూడా, "ముందు అందరం రుచి చూస్తాం, బాగుంటే మీదే" అన్నారు. అంటే కూర్మన్నపాలెంలోని కొన్ని డజన్ల నాలుకల మీద మా బావ పెట్టెలు నిలబడి ఉన్నాయన్నమాట.

మొదటి తేనె తీశాక లేబుల్ పని నా మీద పడింది. మా ఊరి పాతబస్తీలో నాకు తెలిసిన ప్రెస్సు భాయ్ ఒకడున్నాడు. తాతల కాలం నుంచి పెళ్ళిపత్రికలు, సెంటు సీసాల లేబుళ్ళు వేసే కుటుంబం. ఇద్దరం వెళ్ళాం. నేను చెప్పాల్సింది చెప్పేశాను. పుట్టిన దేశం: ఇండియా. పుట్టిన చోటు: ఆనందపురం. ఎంత హాయిగా ఉందో! ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ గడి నేను ఓడ ఎక్కకుండా, ఓడ దింపకుండా నింపాను.

"మంచుకొండ బొమ్మ ఏత్తాను సాబ్, ఫ్రీ. తేనె సీసా అంటే కొండుండాల" అన్నాడు భాయ్.

"ఆనందపురంలో మంచుకొండేటి?" అన్నాడు బావ.

"పోనీ సింహాచలం కొండ?"

"నా ఈగలు అంత దూరం ఎల్లవు."

"మరి ఏం రాయమంటారు?"

బావ జేబులోంచి కాయితం తీసి చదివాడు. జీడిమామిడి పూత, మామిడి పూత, వేప పూత అని ఉంది. దాని కింద, 'ఈగలు దారిలో ఇంకా ఏ పూల మీద వాలాయో మాకు తెలియదు' అని ఉంది.

భాయ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "సాబ్, మా నాయన కాలం నుంచి సూత్తన్నాను. లేబుల్ మీద 'మాకు తెలియదు' అని డబ్బులిచ్చి అచ్చేయించుకున్నోడు మీరొక్కరే."

"తెలీనప్పుడు తెలీదనే గదా రాయాల?"

"అలా రాత్తే కొనేవోడు భయపడతాడు సాబ్! తెలీనోళ్ళందరూ తెలిసినట్టే రాత్తారు, అందుకే నా ప్రెస్సు నడుత్తంది."

నేను మధ్యలో దూరి ఆ ఒక్క వాక్యం తీసేయమని బావని బతిమాలాను. విన్నాడా? లేదు. అది అలాగే అచ్చయింది. ప్రపంచ తేనె చరిత్రలో అజ్ఞానాన్ని ఒప్పుకున్న ఏకైక లేబుల్ అది. కావాలంటే సగం తీసేయండి, అయినా ఏకైకమే.

ఉగాది ముందు కాలనీలో ఇంటికొక సీసా పంచాడు. ఊరికే. ఆ వారం ఆయన గేటు ముందు నుంచి ఎవరు వెళ్ళినా ఆగి మెచ్చుకునేవారు. "ఏం వాసనండీ, ఏం రుచండీ" అన్నవాళ్ళలో అందరికన్నా ముందున్నది ఎదురింటాయన. ఆయనా ప్లాంటులోనే చేసి రిటైరయ్యాడు, గోదావరి వైపు నుంచి వచ్చిన కుటుంబం. మాటకి ముందొక 'ఆయ్', వెనకొక 'అండీ' లేకుండా ఆయన నోరు తెరుచుకోదు. మెచ్చుకున్నా తిట్టినా మర్యాద ఒక్కటే.

ఇక్కడ మా ఊరి ఆడవాళ్ళూ మగవాళ్ళూ సమానంగా చేసే ఒక పని చెప్పాలి. సముద్రపు తేమకి అప్పడం మెత్తబడుతుంది, ఉప్పు నీరవుతుంది, బిస్కెట్టు బట్టలా వంగుతుంది. అందుకని మేము ఏది ఇంటికొచ్చినా ఫ్రిజ్‌లో పెడతాం. చింతపండు, బెల్లం, మినప్పప్పు, అగ్గిపెట్టె, ఒకరింట్లో అయితే టార్చిలైటు కూడా. తేనె కూడా అక్కడికే వెళ్ళింది. ఆషాఢం వచ్చేసరికి కాలనీలో ప్రతి ఇంటి ఫ్రిజ్‌లోనూ మా బావ తేనె చక్కగా పలుకు కట్టి కూర్చుంది.

ఎదురింటాయన సీసా పట్టుకుని గేటు తీశాడు. అప్పుడు నేనక్కడే ఉన్నాను, మా అక్క పెట్టిన పెసరట్టు రెండో వాయిలో ఉన్నాను.

"ఆయ్, బావగారూ, ఇది తేనేనాండీ? లేకపోతే బొంబాయి రవ్వ ఏవైనా నానేశారాండీ?"

బావ సీసా అందుకుని ఒక్కసారి వంచి చూశాడు. "పలుకు కట్టిందండి. సలికి కడతాది. కొన్ని పూల తేనె బేగి కడతాది, కొన్ని ఆలీసంగా కడతాది. సెడిపోలేదు, సీసాని గోరెచ్చని నీళ్ళలో పెట్టండి, కరుగుతాది."

"పాకం పడితేనే కదండీ ఇలా పలుకు వచ్చేదీ? మాకు తెలీదాండీ, మేం కాజాలూ కొబ్బరుండలూ చేసుకునేవాళ్ళమే కదండీ?"

"మీరనీది పంచదార పలుకు. ఇది తేనె పలుకు."

"మరి మేం కొట్లో కొన్న తేనె కట్టలేదేంటండీ? అదీ అదే ఫ్రిజ్‌లో, అదే అరలో ఉందండీ!"

"అదే నానూ అడుగుతన్నాను" అన్నాడు బావ.

నేను పెసరట్టు వదిలేసి చప్పట్లు కొట్టబోయాను. మా అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది.

ఆదివారం ఎదురింటి వరండాలో పరీక్షలు పెట్టారు. నేను చెప్పేది అతిశయోక్తి అనుకుంటే అనుకోండి గానీ, చంద్రుడి మీదికి రాకెట్టు పంపేటప్పుడు కూడా అంతమంది పెద్దమనుషులు అంత గంభీరంగా నిలబడి ఉండరు. ఒక బల్ల మీద రెండు సీసాలు. ఒకటి మా బావది, రెండోది ఎదురింటాయన కొట్లో కొన్నది, మా ఇంట్లో సీసా మీదున్న ఆ మంచుకొండదే. ముందు గాజుగ్లాసులో నీళ్ళు పోసి చెరొక చుక్కా వేశారు. మంచుకొండ తేనె తీగలా సాగి అడుక్కి దిగింది. మా బావ తేనె గడ్డగా ఉంది కదా, ముక్క టప్పున పడి నీళ్ళు ఎదురింటాయన చొక్కా మీద చిందాయి. "చూశారాండీ!" అన్నాడాయన. ఏం చూశామో నాకైతే తెలీలేదు, మిగిలిన వాళ్ళందరూ చూశామన్నారు.

తరవాత అగ్గిపుల్ల పరీక్ష. తేనెలో ముంచి గీస్తే వెలగాలట. మంచుకొండలో ముంచింది వెలిగింది. మా బావ తేనెలో ముంచింది వెలగలేదు. ఆ రెండో పుల్ల తీసిన అగ్గిపెట్టె వేరే, అది ఫ్రిజ్‌లోంచి తీసిందే అని నేను చెప్పబోతే, "మీరు ఆయన బావమరిదండీ, మీ సాక్ష్యం చెల్లదండీ" అన్నారు.

చివరిది కుక్క పరీక్ష. అసలైన తేనె కుక్క ముట్టుకోదని పెద్దలు చెప్పారు. కాలనీ కుక్కని పిలిచారు. అది పిలవకముందే వచ్చింది. రెండు ఆకుల్లో చెరొక తేనే వేసి దాని ముందు పెట్టారు. మంచుకొండ ఆకు వాసన చూసి తల తిప్పుకుంది. మా బావ ఆకు ముందు కూర్చుని, తేనె నాకి, ఆకు నాకి, ఆకు కింది నేల నాకి, ఇంకా ఉందా అన్నట్టు మా బావ మొహంలోకి చూసింది. నా జన్మలో ఏ వంటకాన్నీ అంత నిజాయితీగా మెచ్చుకున్న ప్రాణిని చూడలేదు. ఆ మెచ్చుకోలుతోనే మా బావ ఓడిపోయాడు.

"ఇయ్యేవీ పరీక్షలు కావండి" అన్నాడు బావ నెమ్మదిగా. "సిక్కటి పాకం ఏదైనా నీళ్ళలో అడుక్కే దిగుతాది. కుక్క దాని ఇష్టం."

"అంటే మా అమ్మమ్మ అబద్ధం చెప్పిందంటారాండీ?" అన్నాడు ఎదురింటాయన.

ఇక చెప్పేదేముంది? మన దగ్గర వాదనలోకి అమ్మమ్మ వచ్చాక శాస్త్రం చెప్పులేసుకుని వెళ్ళిపోవాలి. బావ ఒక ప్రయోగశాలకి కూడా తేనె పంపించాడు. మంచి తేనే అని వాళ్ళు చెప్పారు. "మీరూ ల్యాబులో పనిచేసిన మనిషే కదండీ, మీవాళ్ళూ మీవాళ్ళూ ఒకటే కదండీ" అన్నాడు ఎదురింటాయన. అంటే పరీక్ష చేయకపోతే దొంగ, చేయిస్తే ఇద్దరు దొంగలు. నాకు జుట్టు పీక్కోవాలనిపించింది. పీక్కోవడానికి ఎక్కువ లేదని ఊరుకున్నాను.

గుడి కమిటీ వాళ్ళు మధ్యేమార్గం చెప్పారు. శ్రావణంలో ఒక ఆదివారం అందరూ తోటకి వెళ్ళి, పెట్టెలు కళ్ళారా చూసి, అక్కడే తేల్చుకుందామన్నారు. తేలితే కార్తీకానికి మా బావ తేనె. తేలకపోతే లేదు. మా బావ మొహం వెలిగిపోయింది. "ఇన్‌స్పెక్సనే గదా? అంతకన్నా ఏటి కావాల? రమ్మనండి" అన్నాడు.

ఆ ఆదివారం బావ, అక్క పొద్దున్నే తోటకి వెళ్ళిపోయారు. నేను మధ్యాహ్నం మద్దిలపాలెంలో బస్సెక్కి, కాలనీ వాళ్ళకన్నా ముందుగా చేరాను. వారం రోజులుగా ముసురు. తోటంతా చిత్తడి. పెట్టెల పక్కన రేకుల పాక కింద పొయ్యి మండుతోంది. పొయ్యి మీద గుండిగ. గుండిగ ముందు మా అక్క నిలబడి తెడ్డుతో తిప్పుతోంది. అక్క వెనక గోడకి ఆనించి పంచదార బస్తా. బస్తా మీద పంచదార అని ఎంత పెద్ద అక్షరాలతో ఉందంటే, భోగాపురం నుంచి విమానంలో వెళ్ళేవాడు కూడా చదవగలడు.

నా గుండె ఒక్కసారి ఆగి, మళ్ళీ ఆలోచించుకుని మొదలైంది.

"ఏటే అక్కా ఇది?"

"ఈగలకి పాకం రా తమ్ముడా. వానలకి పూలన్నీ రాలిపోనాయి, అవి బయటికెల్లట్లేదు. ఆకలికి సచ్చిపోతాయంట. సాయంత్రం పెట్టాల."

పెట్టెలున్నవాళ్ళందరూ చేసే పనే. పూలు లేని రోజుల్లో ఈగలు బతకడానికి పలచటి పంచదార పాకం పెడతారు, ఆ రోజుల్లో తేనె తీయరు. తేనె తీసేది పూత ఉన్నప్పుడే. ఇదంతా బావ అంతకు ముందే నాకు చెప్పాడు. నాకు తెలుసు, బావకి తెలుసు, అక్కకి తెలుసు, ఈగలకి తెలుసు. దారిలో ఉన్న వ్యానులో మాత్రం ఒక్కరికీ తెలియదు.

"బావా, దణ్ణం పెడతాను. ఆ బస్తా పక్క పొలంలో పెట్టీ. గుండిగ మీద తాటాకేసీ. ఆళ్ళు ఎల్లిపోయాక పెట్టుకుందువు గాని."

"ఎందుకు?"

"ఎందుకేటి బావా! తేనెలో పంచదార కలిపావని గదా ఆళ్ళు వత్తన్నది! పంచదార బస్తా పక్కన నిలబడి స్వాగతం పలుకుతావా?"

"తేనెలో కలపలేదు గదా."

"కలపలేదని నాకు తెలుసు!"

"మరింకేటి భయం?"

"నానూ పొద్దున్నించి అదే సెప్తన్నాను రా, ఇంతాడా ఈయన?" అంది అక్క తెడ్డు ఆపకుండా.

బావ బస్తా వైపు చూశాడు. ఒక్క క్షణం ఆయన చెయ్యి దాని మీదకి వెళ్ళింది కూడా. మళ్ళీ తీసేసుకున్నాడు. "ఒరే బావా, నాను తనికీకి ఎల్లినప్పుడు గోనెలు కప్పి దాసిన సరుకు దగ్గరికే ముందు ఎల్లేవోడిని. దాసినోడి మాట నాను ఎప్పుడూ నమ్మలేదు. ఇప్పుడు నాను దాసి, నన్ను నమ్మండని ఎలగ సెప్పను? ఉండనీ. నాను సెప్తాను. ఇంతారు."

వింటారట! మనుషుల గురించి అంత తక్కువ తెలిసిన మనిషికి ఈగల గురించి అంత ఎక్కువ ఎలా తెలిసిందో!

వ్యాను వచ్చింది. కాదు, వ్యాన్లు వచ్చాయి. సగం కూర్మన్నపాలెం దిగింది. చీరలెత్తి పట్టుకుని, బురదలో చెప్పులు చేత్తో పట్టుకుని, ఎదురింటాయన ముందు, కమిటీ వెనక. పాక దగ్గరికొచ్చి అందరూ ఆగిపోయారు. ఎవరూ పెట్టెల వైపు చూడలేదు. అన్ని కళ్ళూ బస్తా మీద ఉన్నాయి. గుండిగలో పాకం బుడగ ఒకటి 'బుడుక్' మని పేలింది.

"ఆయ్" అన్నాడు ఎదురింటాయన. అండీ అనలేదు. ఆయన జీవితంలో అండీ లేకుండా అన్న మాట అదొక్కటే అయ్యుంటుంది.

మా బావ చెప్పడం మొదలుపెట్టాడు. పూత ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో, వానల్లో ఈగలు ఏం తింటాయో, పాకం ఎందుకు పెట్టాలో, పెట్టిన రోజుల్లో తేనె ఎందుకు తీయకూడదో. ఒక పెట్టె మూత తీసి, చట్రం పైకెత్తి, "సూడండి, ఇక్కడ తేనె లేదు, తీసేది ఏటీ లేదు" అని చూపించాడు. గొంతు ఎక్కడా పెంచలేదు. తరగతిలో మాష్టారు చెప్పినట్టు చెప్పాడు. వెనక వరసలో ఒకావిడ పక్కావిడతో, "ఈగలకి పాకం పోసి, ఈగల చేత ఉమ్మించి, అది మనకి పోశాడమ్మా" అంది. చాలు. ఆ ఒక్క వాక్యం మా బావ చెప్పిన పాఠమంతటినీ దాటుకుని వ్యానెక్కేసింది.

అప్పుడే ఒక ఈగ ఎదురింటాయన పైపెదవి మీద కుట్టింది. ఆ ఈగ మీద నాకు ఈరోజుకీ గౌరవం ఉంది. పెదవి చూస్తూండగానే బొప్పాయంత అయింది. మా అక్క పరుగెత్తుకెళ్ళి ముల్లు గీకి తీసింది. పాకం తిప్పిన చేత్తోనే తీసింది పాపం, ఆయన తరవాత అది కూడా చెప్పుకుని తిరిగాడు.

మర్నాడు పొద్దున్నించి మా బావ గేటు పక్క గోడ మీద సీసాలు ప్రత్యక్షం కావడం మొదలైంది. ఎవరూ బెల్లు కొట్టలేదు. నడకకి వెళ్తూ ఒకరు, పాలకి వెళ్తూ ఒకరు పెట్టేసి వెళ్ళారు. ఒక్కరూ తిట్టలేదు. తిడితే బాగుండేదని మా అక్క ఫోన్లో ఏడ్చింది. కార్తీకం అభిషేకాలకి మంచుకొండ తేనె వచ్చింది. శివుడి మీద ఏయే దేశాల తేనె పోశారో శివుడికి కూడా తెలీదు. నేను గుడి మెట్ల మీద నిలబడి ఆ లేబుల్ పైకి చదువుతానంటే బావ ఒప్పుకోలేదు. "ఫెయిలన్నారు గదా. ఊరుకో" అన్నాడు. అన్న మాట ప్రకారం పెట్టెలు రైతుకి ఇచ్చేశాడు. ఎప్పుడు ఏం చేయాలో దగ్గరుండి నేర్పి మరీ ఇచ్చాడు.

మళ్ళీ పూత వచ్చింది. ఒక ఆదివారం నేను బావ వాళ్ళింట్లో టిఫిను చేస్తున్నాను. ఎదురింటాయన గేటు తోసుకుని వచ్చాడు. చేతిలో పాత షర్బతు సీసా. లేబుల్ లేదు. మూత లేదు, మూత బదులు కాయితం ఉండ కుక్కి ఉంది. పైన తేనెపట్టు ముక్క తేలుతోంది.

"చూడండి బావగారూ, ఇదండీ తేనె అంటే! ఆనందపురం నుంచి కూరలు తెచ్చే ఆ రైతు దగ్గర కొన్నానండీ. లేబులు లేదు, గీబులు లేదు. కాలనీ అంతా ఎగబడి కొన్నారండీ. అడుగున చూడండి, అప్పుడే పలుకు కూడా కడుతోంది! అసలైన తేనె అయితేనే పలుకు కడుతుందటండీ, ఆ రైతే చెప్పాడు."

బావ పెట్టెలిచ్చిన రైతే. అవే పెట్టెలు. అవే ఈగలు. అదే తోట. ఆ మాట కూడా మా బావదే. నా నోట్లో ఇడ్లీ ఉంది, లేకపోతే ఆ క్షణంలో నేను అన్న మాటలు పోర్టులో ఓడలకి వినపడేవి. బావ నా వైపు చూసి, వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. ఆ తరవాత నవ్వాడు. ఎలాంటి నవ్వు! పొట్ట పట్టుకుని, కుర్చీలోంచి జారిపోయి, కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వాడు. ఎదురింటాయన కూడా ఏం తెలీకుండానే నవ్వాడు, అక్క వంటింట్లోంచి వచ్చి నవ్వింది.

సగం తీసేసి వినమన్నాను కాబట్టి, ఏ సగమో నేనే చెప్పడం మర్యాద. వ్యాను ఒకటే వచ్చింది, అందులోనూ సీట్లు మిగిలాయి. బస్తా మీద అక్షరాలు మామూలు సైజువే. పెదవి బొప్పాయంత కాలేదు, నిమ్మకాయంత. కుక్క నేల నాకలేదు, ఆకుతో ఆపేసింది. అవన్నీ పెంచినవి. పెంచడం వేరు, కల్పించడం వేరు. ఇందులో నేను పూర్తిగా కల్పించింది ఒక్కటే. మా బావ నవ్వలేదు.

ఆయన ఆ సీసా తీసుకుని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. కాయితం ఉండ తీసి వాసన చూశాడు. వేలితో ఒక చుక్క తీసి నాలిక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని ఆలోచించాడు.

"బాగుందండి" అన్నాడు. "ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి."

"తెలుసండీ, రైతు చెప్పాడండీ" అన్నాడు ఎదురింటాయన.

బావ తలూపి, సీసా ఆయన చేతికిచ్చి, గేటు దాకా వెళ్ళి సాగనంపి వచ్చాడు.